కారే చోటు: పాత బండిలో కూలెంట్ లీకును పట్టడం, బాగుచేయడం

పాత కారులో కూలెంట్ తగ్గడానికి దారులు మూడే. బయటికి కారిపోవచ్చు, ఇంజిన్ లోపలికి పోవచ్చు, రేడియేటర్ మూత పట్టు వదిలి ఆవిరిగా పోవచ్చు. వీటిలో ఏది జరుగుతోందో తేల్చుకోకుండా సీటు వెనక నీళ్ల డబ్బా పెట్టుకుని, ఆదిలాబాద్ ప్రాంతంలోని ఉట్నూర్‌లో ఒకసారి, కెరమెరిలో ఇంకోసారి నింపుకుంటూ తిరగడం పాత బండ్లవాళ్లకు బాగా అలవాటైన పద్ధతి. చదును రోడ్డు మీద, చలికాలంలో ఇది నెలల తరబడి సాగుతుంది కూడా. మే నెల మధ్యాహ్నం నలుగురిని ఎక్కించుకుని ఆసిఫాబాద్ వైపు నుంచి కెరమెరి ఘాట్ మీదుగా జైనూర్‌కు వచ్చేటప్పుడు మాత్రం సాగదు. హోస్ పైపుతో పోవాల్సిన ఖర్చు ఆ ఒక్క ఎక్కుడుతో ఇంజిన్ పైభాగమైన హెడ్డు దాకా పోతుంది. అందుకే లీకు పనిలో మొదటి నియమం ఇది: కారే చోటు కంటికి కనబడే దాకా ఏ సామానూ కొనకూడదు.

పెట్రోలు, డీజిల్ మండగా పుట్టే వేడిలో సుమారు మూడో వంతును కూలెంటే మోసుకెళ్లి బయట పారేయాలి. మెకానిక్కులు వాటర్ బాడీ అని పిలిచే పంపు దాన్ని బ్లాకులోకి, అక్కడి నుంచి హెడ్డులోకి తోస్తుంది. హెడ్డు నుంచి బయటికి వచ్చే దారిలో థర్మోస్టాట్ వాల్వు ఉంటుంది. చాలా పాత కార్లలో అది 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. తెరుచుకున్నాక వేడి కూలెంటు పై హోసు గుండా రేడియేటర్‌లోకి వెళ్లి, సన్న గొట్టాల్లో దిగుతూ చల్లబడి, కింది హోసు గుండా మళ్లీ పంపు దగ్గరికి వస్తుంది. హీటర్ ఉన్న బండ్లలో ఇంకో రెండు సన్న హోసులు డ్యాష్‌బోర్డు వెనక్కి వెళ్తాయి.

ఈ ఏర్పాటు మొత్తంలో అందరూ చిన్నచూపు చూసేది రేడియేటర్ మూతని. అది వట్టి మూత కాదు, ప్రెషర్ కుక్కర్ మీద విజిల్ చేసే పనే అదీ చేస్తుంది. మూత మీద 0.9 అని అచ్చు ఉంటే, లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోలకు చేరే దాకా అది తెరుచుకోదని అర్థం. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సగం గ్లైకాల్ కలిసిన కూలెంటు అయితే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు పైకి వెళ్తుంది. లీకు చేసే అసలు నష్టం ఇక్కడే ఉంది. సూదిమొన అంత రంధ్రం పడితే కారేది రోజుకు అర గ్లాసే కావచ్చు, కానీ లోపల ఒత్తిడి నిలవదు. ఒత్తిడి నిలవకపోతే రేడియేటర్‌లో నీళ్లు నిండుగా ఉన్నా అవి వంద దగ్గరే మరగడం మొదలవుతుంది. మరిగిన చోట ఆవిరి బుడగ నిలుస్తుంది. ఆవిరి వేడిని మోయలేదు, హెడ్డులో ఆ ఒక్క చోటు కాలిపోతుంది. “నీళ్లు ఉన్నాయి కదా, ఎందుకు హీటైంది?” అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

జైనూర్, సిర్పూర్ (యు), ఉట్నూర్ ప్రాంతంలో ఈ జబ్బుకు స్థానిక కారణాలు కొన్ని ఉన్నాయి. ఇది దక్కన్ నల్లరాతి నేల. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పొక్కే ఇంజిన్ లోపలా పడుతుంది, గొట్టాలు సన్నబడతాయి. ఆదిలాబాద్ ప్రాంతం తెలంగాణలోనే చలి ఎక్కువగా పడే చోటు, అయినా నీళ్లు గడ్డకట్టేంత చలి ఇక్కడ లేదు. దాన్ని చూసి “మనకు కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు” అనేవాళ్లున్నారు. గడ్డకట్టకుండా ఆపడం కూలెంటు చేసే పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పును ఆపే రసాయనాలు, పంపు సీలును కాపాడే గుణం, మరిగే హద్దును పెంచడం ఈ ప్రాంతానికి కావలసినవి. ఉత్త నీళ్ల మీద ఏళ్ల తరబడి నడిచిన బండి మూత తీస్తే ఎర్రమట్టి రంగు నీళ్లు కనిపిస్తాయి. అది మట్టి కాదు, ఇంజిన్ ఇనుమే తుప్పుగా కరిగి వస్తోంది.

మిగతా కారణాలు రోడ్డువి. గూడేల దారుల్లో ఎగిరిన కంకర రేడియేటర్ కింది భాగానికి తగులుతుంది. పత్తి తీసే కాలంలో నూగు, గడ్డిపోచలు రేడియేటర్ రేకుల మధ్య ఇరుక్కుని గాలిని ఆపేస్తాయి. కొట్టంలో నిలిపిన బండి హోసుల్ని ఎలుకలు కొరుకుతాయి. పంట పనుల్లో నెలలు ఆగిపోయి ఒక్కసారిగా బయటికి తీసిన కారులో పంపు సీలు ఎండి ఉంటుంది.

బండి తరాన్ని బట్టి వెతకాల్సిన చోటు మారుతుంది. 1983 డిసెంబరు 14న మొదటి తాళంచెవి చేతికిచ్చిన మారుతి 800, 2014 జనవరి దాకా తయారైంది. దాని హెడ్డు అల్యూమినియందే, వేడికి త్వరగా వంగుతుంది. రేడియేటర్ ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది. 2014 మేలో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌లో పాత పెట్రోలు ఇంజిన్లకు బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమువి. కొంచెం వేడిని ఓర్చుకుంటాయి కానీ తుప్పు ఎక్కువ. దాంట్లోనూ, పాత మహీంద్రా జీపుల్లోనూ ఫ్యానును ఇంజిన్ బెల్టే తిప్పుతుంది, కాబట్టి బెల్టు వదులైతే లీకు లేకుండానే బండి వేడెక్కుతుంది.

లీకా, కాదా

బండి కింద తడి కనబడగానే గుండె పట్టుకోనక్కర్లేదు. ఏసీ నడిచిన కారు కింద, ప్రయాణికుడి కాళ్ల వైపు, రంగూ వాసనా లేని నీళ్లు కారడం మామూలే. కూలెంటు వేళ్ల మధ్య రుద్దితే కొద్దిగా జారుతుంది, తియ్యటి వాసన వేస్తుంది. ఆకుపచ్చ, నీలం, గులాబీ, నారింజ రంగుల్లో ఏదైనా కావచ్చు. బ్రేకు ఆయిల్ చక్రాల దగ్గర కారుతుంది, ఇంజిన్ ఆయిల్ నల్లగా జిడ్డుగా ఉంటుంది. ఉత్త నీళ్లతో నడిచే బండిలో మాత్రం రంగు సాక్ష్యం దొరకదు. అలాంటి బండిలో ముందు కూలెంటు పోసి, ఆ తర్వాత వెతకడం తెలివైన పని. రంగున్న ద్రవం కారిన చోట గుర్తు వదులుతుంది.

రేడియేటర్‌కు సన్న గొట్టంతో కలిసి ఉండే రిజర్వు డబ్బాను వేడి మీద అంచు దాకా నింపితే పొంగి కింద పోతుంది, అదీ లీకు కాదు. అందుకే కొలత ఎప్పుడూ పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, చదును నేల మీద తీసుకోవాలి. డబ్బా మీద ఒక గీత గీసి, వారం పాటు రోజూ ఆ వేళకే చూడాలి. ఇక్కడ ఒక మోసం ఉంది, అనుభవమున్న డ్రైవర్లు కూడా దీంట్లో పడతారు. డబ్బా నిండుగా ఉన్నంత మాత్రాన రేడియేటర్ నిండుగా ఉన్నట్టు కాదు. ఇంజిన్ చల్లారేటప్పుడు లోపల ఏర్పడే శూన్యం డబ్బాలోని కూలెంటును వెనక్కి పీల్చుకోవాలి. మూతలోని చిన్న వాల్వు మూసుకుపోయినా, మూత రబ్బరు పగిలినా, డబ్బాకు వెళ్లే సన్న గొట్టం చిల్లుపడినా ఆ పీల్చుకోవడం జరగదు. డబ్బా నిండుగా కనిపిస్తుంటే రేడియేటర్ సగం ఖాళీ అవుతుంది. కాబట్టి మూత తీసి రేడియేటర్ మెడ దాకా కూలెంటు ఉందో లేదో చూడటం తప్పనిసరి. అదీ చల్లని ఇంజిన్ మీదే. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖాన్ని, చేతుల్ని కాల్చేస్తాయి. ఆ మూత మీద గుడ్డ వేసి తిప్పినంత మాత్రాన రక్షణ దొరకదు.

చోటు పట్టడం

రాత్రి బండి కింద విప్పిన అట్టపెట్టె పరిచి, ముందు చక్రాల స్థానం దాని మీద గుర్తుపెట్టి, పొద్దున మరక ఎక్కడ పడిందో చూస్తే సగం వెతుకులాట తీరిపోతుంది. గ్రిల్లుకు దగ్గరగా పడితే రేడియేటర్ లేదా దాని హోసులు. బెల్టు వైపు పడితే వాటర్ బాడీ. ఇంజిన్‌కు వెనక, బండి లోపలి గోడ దగ్గర పడితే హీటర్ హోసులు, లేదా బ్లాకు వెనకున్న ప్లగ్గు. ద్రవం పైనుంచి కిందికి ఏ రాడ్డు మీదుగానో జారి, కారిన చోటుకు దూరంగా చుక్క పడుతుంది కాబట్టి మరకను నమ్మి అక్కడే ఆగకూడదు. మరక నుంచి పైకి వెతుక్కుంటూ పోవాలి.

టార్చి వెలుతురులో వెతకాల్సింది తడి కోసం కాదు, ఆరిన గుర్తు కోసం. వేడి ఇంజిన్ మీద పడిన కూలెంటు వెంటనే ఆవిరై, తెల్లని లేదా ఆకుపచ్చని పొక్కు మిగులుతుంది. హోసు క్లిప్పుల చుట్టూ, థర్మోస్టాట్ మూతకూ హెడ్డుకూ మధ్య గ్యాస్కెట్ అంచున, టెంపరేచర్ సెన్సరు మరల దగ్గర, రేడియేటర్ పైతొట్టీ గొట్టాలూ కలిసే చోట ఇది కనిపిస్తుంది. హోసును చేత్తో నొక్కి చూడాలి. కొత్త హోసు గట్టిగా సాగుతుంది. ముసలి హోసు క్లిప్పు దగ్గర మెత్తగా ఉబ్బి ఉంటుంది, లేదా ఎండిన బెరడులా పగుళ్లు చూపిస్తుంది. ఇంజిన్ ఆయిల్ పడ్డ హోసు త్వరగా ఉబ్బుతుంది. చల్లారిన బండిలో హోసు లోపలికి చప్పిడి పడి ఉంటే తప్పు హోసుది కాదు, మూత వాల్వుది.

వాటర్ బాడీని అనుమానించడానికి మంచి సాక్షి దాని అడుగునున్న చిన్న రంధ్రం. లోపలి సీలు అరిగితే కూలెంటు బేరింగులోకి పోకుండా బయటికి రావడానికే తయారీదారు ఆ రంధ్రం పెట్టాడు. అక్కడ నీటి జాడ కనిపిస్తే సీలు పోయినట్టే. కొందరు ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో పూడ్చి లీకు ఆగిందనుకుంటారు. ఆగదు, బేరింగులోకి మళ్లుతుంది. బేరింగు అరిగి పంపు ఊగిపోతే బెల్టు, ఫ్యాను, రేడియేటర్ దాకా నష్టం పోతుంది. ఫ్యాను పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపితే టకటకా ఆట కనిపించినా, ఇంజిన్ తిరిగేటప్పుడు గరగర వినిపించినా బేరింగు పని అయిపోయిందని తెలుస్తుంది. కొన్ని ఇంజిన్లలో ఈ పంపు టైమింగ్ బెల్టు మూత వెనక ఉంటుంది, బయటికి ఏమీ కనబడదు. మూత అడుగున తడి ఒక్కటే ఆధారం.

కారే వేళ కూడా ఆచూకీ ఇస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కారి, వేడెక్కగానే ఆగిపోతే క్లిప్పు వదులుగా ఉన్నట్టు. రబ్బరు చలికి కుంచించుకుపోయి సందు ఇస్తుంది, వేడికి ఉబ్బి మూసుకుంటుంది. డిసెంబరు తెల్లవారుజామున మాత్రమే చుక్కలు పడే బండ్లలో చాలా వాటికి స్క్రూడ్రైవర్‌తో రెండు తిప్పులు చాలు. దీనికి విరుద్ధంగా, నిలబడి ఉన్నప్పుడు పొడిగా ఉండి, ఘాట్ ఎక్కి ఆపగానే కారితే అది ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకునే సన్న చీలిక. రేడియేటర్ గొట్టంలోనో, హోసులోనో ఉంటుంది.

ఇలాంటి దొంగ లీకును పట్టడానికి ప్రెషర్ టెస్టర్‌కు మించిన సాధనం లేదు. చేత్తో కొట్టే చిన్న పంపు, దానికో మీటరు, రేడియేటర్ మెడకు సరిపడే బిళ్ల ఉంటాయి. చల్లని ఇంజిన్‌లో కూలెంటు నింపి, మూత స్థానంలో దాన్ని బిగించి, మూత మీద అచ్చైన అంకె దాకా మాత్రమే గాలి కొట్టాలి. అంతకు మించితే బాగున్న పాత రేడియేటర్ కూడా పగులుతుంది. పదిహేను నిమిషాలు ముల్లు కదలకపోతే బయట లీకు లేదు. ముల్లు దిగుతూ ఎక్కడో తడి కనిపిస్తే చోటు దొరికింది. ముల్లు దిగుతోంది కానీ ఎక్కడా చుక్క లేదంటే లోపలికి పోతోంది, అది వేరే లెక్క. ఇదే పంపుతో మూతను కూడా పరీక్షించవచ్చు. ఊళ్లోని చిన్న షెడ్డులో ఈ పరికరం లేకపోతే, ఆదిలాబాద్‌కో మంచిర్యాలకో ఎలాగూ పని మీద వెళ్లే రోజున చూపించుకోవడం నయం. అనుమానం మీద రేడియేటర్ మార్చి, తర్వాత పంపు మార్చి, చివరికి మూత మార్చిన ఖర్చుతో పోలిస్తే అదేమీ కాదు.

కారు లోపల ముందు సీటు కింద చాప తడవడం, అద్దాల మీద జిడ్డు మంచు పట్టడం, హీటర్ వేస్తే తియ్యటి వాసన రావడం హీటర్ కోరు లీకుకు గుర్తులు. వేసవి ఎక్కువున్న చోట దీనికి తేలిక దారి ఒకటుంది. హీటర్‌కు వెళ్లే రెండు హోసుల్ని ఇంజిన్ దగ్గరే ఒకదానికొకటి కలిపేస్తే కోరు పక్కకు తప్పుకుంటుంది. చలికాలం దాకా బండి నిశ్చింతగా నడుస్తుంది.

లోపలికి పోయే నీళ్లు

బయట చుక్క కనబడకుండా కూలెంటు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీదికి అనుమానం పోవాలి. హెడ్డుకూ బ్లాకుకూ మధ్యనున్న ఈ పలుచని పొర కాలినా, హెడ్డు వంగినా కూలెంటు సిలిండర్‌లోకో, ఆయిల్‌లోకో దారి తీసుకుంటుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లని పొగ ఆగకుండా వస్తుంది. జనవరి చలిలో స్టార్టు చేయగానే కాసేపు వచ్చే తెల్లని ఆవిరిని చూసి భయపడనవసరం లేదు, అది ఐదు నిమిషాల్లో పోతుంది. ఆయిల్ డిప్‌స్టిక్ మీద, ఆయిల్ పోసే మూత లోపల లేత గోధుమ రంగు నురగ కనిపిస్తే నీళ్లు ఆయిల్‌లో కలిసినట్టు. మూత లోపల మాత్రమే కొద్దిగా ఉండి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే అది దగ్గరి దూరాలు తిరిగే బండిలో చేరే చెమ్మ కావచ్చు. ఆయిల్‌లో నీళ్లు కలిసిన బండిని మెకానిక్ దగ్గరికైనా నడుపుకుంటూ తీసుకెళ్లకూడదు, లాగించుకెళ్లాలి. బేరింగులకు ఆ ఆయిల్ పనికిరాదు.

చేతిలో పరికరం లేకుండా చేయగల పరీక్ష ఇంకొకటి ఉంది. చల్లని ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి, మెడ దాకా నింపి, స్టార్టు చేయాలి. మొదట కొన్ని బుడగలు రావడం సహజం. అవి ఆగకుండా, ఎక్సిలేటర్ తొక్కినకొద్దీ ఎక్కువగా వస్తుంటే మండిన వాయువు కూలెంటులోకి వస్తోంది. స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాల్లో, ఇంకా వేడెక్కకముందే, పై హోసు రాయిలా గట్టిపడినా అర్థం అదే. పెట్రోలు ఇంజిన్‌లో స్పార్కు ప్లగ్గులు విప్పి వరసగా పెడితే, నీళ్లు పోతున్న సిలిండరు ప్లగ్గు మిగతావాటికంటే కడిగినట్టు శుభ్రంగా ఉంటుంది. గ్యారేజీల్లో నీలి రంగు ద్రవంతో చేసే పరీక్ష దీన్ని ఖాయం చేస్తుంది. రేడియేటర్ మెడ నుంచి వచ్చే గాలిలో మండిన వాయువు ఉంటే ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది.

లీకుతో సంబంధం లేని వేడి కూడా ఉంటుంది, దాన్ని వేరుచేయాలి. కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లే దారిలో బండ్లు ఒకదాని వెనక ఒకటి నత్తనడక నడుస్తున్నప్పుడు డ్యాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు పైకి పోయి, రోడ్డు ఖాళీ కాగానే దిగివస్తే ఫ్యాను తిరగడం లేదని అనుకోవాలి. అప్పుడు చూడాల్సినవి ఫ్యాను మోటారు, ఫ్యూజు, స్విచ్చు. అదే ముల్లు వేగంగా వెళ్తున్నప్పుడూ, ఎక్కుడులోనూ పైకి పోయి, నెమ్మదిగా వెళ్తే దిగితే రేడియేటర్ గొట్టాలు పూడిపోయి ఉంటాయి. బండి వేడెక్కినా పై హోసు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు. వేసవిలో దాన్ని పీకేసి బండి నడపడం మన దగ్గర పాత ఆచారం. దాంతో ఇంజిన్ సరైన వేడికి రాక ఇంధనం ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. కొత్తది వేయడమే పని.

బాగుచేయడం

అన్నిటికంటే చవకైనది మూత. దాని రబ్బరు గట్టిపడి, స్ప్రింగు వదులైతే పరీక్షల గొడవ లేకుండా మార్చేయవచ్చు. పాత మూత మీదున్న అంకే కొత్తదాని మీదా ఉండాలి. ఎక్కువ అంకె మూత వేస్తే బండి చల్లగా ఉంటుందనే నమ్మకంతో 0.9 స్థానంలో 1.1 వేస్తే, ముసలి హోసో రేడియేటర్ అతుకో ముందు తెగుతుంది.

హోసు చివర మాత్రమే చీలి, పొడవు మిగులు ఉంటే అంగుళం కోసి మళ్లీ బిగించవచ్చు. నడుమ చీలితే మార్చాల్సిందే. పైది పోయిందంటే కిందిదీ ఆ వయసుదే, రెండూ కలిపి మార్చడం మంచిది. తొడిగే ముందు లోహపు మెడ మీద పేరుకున్న తెల్లటి పొక్కును ఎమరీ కాగితంతో గీకాలి. దాని మీదే కొత్త హోసు ఎక్కిస్తే మళ్లీ కారుతుంది. క్లిప్పు హోసు చివరకు కొద్దిగా లోపలగా, మెడ మీదున్న గట్టు దాటాక పడాలి. బలమంతా పెట్టి బిగిస్తే క్లిప్పు రబ్బరును కోసేస్తుంది. ఒకసారి ఇంజిన్ వేడెక్కి చల్లారాక మళ్లీ సగం తిప్పు బిగించడం పాత మెకానిక్కుల పద్ధతి, సరైన పద్ధతి.

వాటర్ బాడీకి రిపేరు కిట్లు ఒకప్పుడు బాగా దొరికేవి. సీలు, బేరింగు, షాఫ్టు మార్చి వాడేవారు. అంబాసిడర్‌కు, పాత జీపులకు ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. ప్రెస్సు సరిగా లేని షెడ్డులో చేసిన పని మాత్రం ఎక్కువ కాలం నిలవదు. చిన్న కార్లకు పంపు మొత్తం మార్చడమే నయం. పాత గ్యాస్కెట్ ముక్కలు మొత్తం గీకి, రెండు ముఖాలూ శుభ్రం చేసి కొత్త గ్యాస్కెట్ వేయాలి. టైమింగ్ బెల్టు వెనకుండే పంపు అయితే బెల్టునూ ఆ చేత్తోనే మార్చాలి. మళ్లీ అంతా విప్పే కూలి కంటే బెల్టు చవక.

రేడియేటర్ విషయంలో లోహాన్ని బట్టి పని. పాత అంబాసిడర్, జీపుల్లో ఉండే రాగి, ఇత్తడి రేడియేటర్‌కు టంకం అతుకుతుంది. రేడియేటర్ పని తెలిసిన షాపులో పైతొట్టి విప్పి, గొట్టాల్లో సన్న రాడ్డు దూర్చి తెల్లపొక్కు దులిపి, చిల్లుపడ్డ గొట్టానికి టంకం వేసి, నీళ్ల తొట్టిలో ముంచి గాలి పెట్టి చూస్తారు. బాగుచేసిన రాగి రేడియేటర్ ఏళ్లపాటు నడుస్తుంది. ఒకటి రెండు గొట్టాల్ని మూసేసినా ఫరవాలేదు. అంతకు మించి మూసేసి ఇస్తే ఘాట్ రోడ్డు మీద అది చాలదు. ప్లాస్టిక్ తొట్టి, అల్యూమినియం గొట్టాలున్న తర్వాతి కాలపు రేడియేటర్‌కు టంకం పనికిరాదు. ప్లాస్టిక్ పగులుకు ఎం-సీల్ ఇంటికి చేరేదాకా మాత్రమే. కొత్తది కొనడమే దారి. రేకుల మధ్య నూగు, పురుగులు ఉంటే ఇంజిన్ వైపు నుంచి ముందుకు తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగాలి. కార్ వాష్ గన్ను దగ్గరగా పెడితే రేకులు వంగి గాలి దారి ఇంకా మూసుకుంటుంది.

బ్లాకు పక్కన గుండ్రటి రేకు ప్లగ్గులు తుప్పుపట్టి కారడం ఉత్త నీళ్ల మీద నడిచిన ఇనుప ఇంజిన్లలో ఎక్కువ. ఒకటి చిల్లుపడితే మిగతావీ పలచబడే ఉంటాయి. చేతికందేవన్నీ కలిపి మార్చాలి. ఇంజిన్ వెనక, గేర్‌బాక్సు వైపున్న ప్లగ్గు పోతే గేర్‌బాక్సు దింపక తప్పదు.

హెడ్ గ్యాస్కెట్ పని ఇంట్లో చేసుకునేది కాదు, కానీ చేయించే యజమానికి అడగాల్సిన ప్రశ్నలు తెలిసుండాలి. హెడ్డు విప్పాక లేతు షాపులో సమతలం చూసి ఫేసింగ్ చేయించారా? పగుళ్ల కోసం ఒత్తిడి పరీక్ష చేశారా? బోల్టుల్ని టార్క్ రెంచితో, నడుమ నుంచి అంచుల వైపు, కంపెనీ చెప్పిన వరసలో, దశలుగా బిగించారా? ఫేసింగ్ చేయకుండా కొత్త గ్యాస్కెట్ మాత్రమే వేస్తే వంగిన హెడ్డు దాన్ని నెలల్లోనే కాల్చేస్తుంది. నీళ్లు కలిసిన ఆయిల్‌ను, ఫిల్టర్‌ను తప్పనిసరిగా మార్చాలి.

లీకు ఆపే పొడుల మాట. రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోయడం లారీ డ్రైవర్ల పాత చిట్కా. సీసాల్లో అమ్మే మందులూ దాని తమ్ముళ్లే. సూదిమొన చిల్లును అవి కాసేపు మూస్తాయి, కాదనలేం. ఏది చిల్లో ఏది దారో వాటికి తెలియదు. సగం పూడిన రేడియేటర్ గొట్టాల్ని, హీటర్ కోరును కూడా మూసేస్తాయి. అడవి దారిలో చీకటి పడేలోపు ఊరు చేరడానికైతే వాడవచ్చు. వాడితే, చేరాక మొత్తం కడిగించాలి.

దారిలో

ఘాట్ మధ్యలో ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, కిటికీలు తెరవాలి. హీటర్ చిన్న రేడియేటర్ పని చేస్తుంది. వంపు లేని చోట, వెనకొచ్చే బస్సుకు కనబడేలా పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. బానెట్ తెరిచి కనీసం అరగంట మూత జోలికి పోకూడదు. చల్లారాక, కాస్త కాస్తగా నీళ్లు పోయాలి. కాలే హెడ్డులోకి ఒక్కసారిగా చల్లటి నీళ్లు పోస్తే పగులుతుంది. హోసు చీలి ఉంటే దాన్ని తుడిచి, సైకిల్ ట్యూబు పట్టీని లాగి లాగి గట్టిగా చుట్టి, పైన బైండింగ్ తీగ కట్టాలి. ఆ తర్వాత మూతను చివరి గాడి దాకా బిగించకుండా మొదటి గాడిలోనే ఉంచితే లోపల ఒత్తిడి పెరగదు, చుట్టిన కట్టు నిలుస్తుంది. నీళ్లు వందకే మరుగుతాయి కాబట్టి నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ దగ్గరి ఊరు దాకా మాత్రమే పోవాలి. దిగుడులో ఇంజిన్ చల్లబడుతుందని ఆపేసి జారనివ్వడం ప్రాణాంతకం, బ్రేకు బూస్టరు పనిచేయదు.

నింపడం

మరమ్మతు అయ్యాక పాత నీళ్లన్నీ దింపి, శుభ్రమైన నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, ఆ తర్వాత కూలెంటు పోయాలి. చిక్కటి కూలెంటు కొంటే సగానికి సగం నీళ్లు. ఆ నీళ్లు బోరువి కాకుండా బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ కావాలి. చిన్న కార్లకు మొత్తం కలిపి కొద్ది లీటర్లే పడుతుంది, ఖర్చూ అంతంతే. కలిపి అమ్మే కూలెంటులో మళ్లీ నీళ్లు కలపకూడదు. డబ్బా మీద ఐఎస్ 5759 గుర్తు చూసి కొనడం మంచిది. రంగు ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటి కాదు. పాతదేదో తెలియకపోతే మొత్తం దింపాకే కొత్తది పోయాలి. పాత రకం ఆకుపచ్చ కూలెంటు సుమారు రెండేళ్లు, ఎక్కువ కాలం నిలిచే రకాలు ఐదేళ్ల దాకా పనిచేస్తాయి. తుప్పును ఆపే రసాయనాలు అయిపోయాక రంగు మాత్రం మిగులుతుంది.

బాగైన లీకు మళ్లీ వచ్చిందని అనిపించేది చాలాసార్లు లోపల మిగిలిన గాలి వల్ల. బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా నిలిపి, హీటర్ మీట వేడి వైపు తిప్పి, మూత తీసి సన్నటి ధారగా నింపాలి. స్టార్టు చేసి పై హోసును మెల్లగా నొక్కుతుంటే బుడగలు వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి దిగుతుంది, మళ్లీ నింపాలి. ఫ్యాను ఒకసారి తిరిగి ఆగాక మూత బిగించి, రిజర్వు డబ్బాను రెండు గీతల మధ్యకు తేవాలి. మరునాడు పొద్దున డబ్బాలో కొంత తగ్గడం సహజం, మిగిలిన గాలి స్థానంలోకి అది పోయింది. వారం తర్వాత కూడా తగ్గుతుంటే అట్టపెట్టె మళ్లీ పరవాలి.

దింపిన పాత కూలెంటు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, మేకలు, కోళ్లు తిరిగే వాకిట్లో గుంట కట్టేలా పారబోస్తే అవి తాగుతాయి, కొద్ది మోతాదుకే కిడ్నీలు దెబ్బతిని చనిపోతాయి. పిల్లలకూ అదే ప్రమాదం. వెడల్పు టబ్బులోకి దింపి, మూతున్న డబ్బాలో పోసి, పేరు రాసి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీకి అప్పగించాలి. మంచినీళ్ల సీసాలో పోసి పెట్టకూడదు. చెరువు, వాగు, బావి దగ్గర రేడియేటర్ ఖాళీ చేయకూడదు. కూలెంటు పోసిన తేదీని, కిలోమీటర్లను, రకం పేరును బానెట్ లోపల చీటీ మీద రాసి అతికిస్తే తర్వాత బానెట్ తెరిచే మెకానిక్కు లోపల ఏముందో తెలుస్తుంది.